దమ్మామ్‌లో రెండేళ్ళ ఎలక్ట్రీషియన్ కాంట్రాక్టు: పోవచ్చునా, ఇక్కడే ఉండేది మేలా?

పుత్తూరు_వేపచెట్టు
అందరికీ నమస్కారం. మా తమ్ముడి కోసం అడుగుతా ఉండాను. వయసు 26, ఐటీఐ ఎలక్ట్రీషియన్. శ్రీసిటీలో ఒక కంపెనీలో కాంట్రాక్టు మీద చేస్తున్నాడు. చేతికి 18,000 వస్తాది, పీఎఫ్, ఈఎస్‌ఐ ఉండాయి. ఇప్పుడు సౌదీలో దమ్మామ్‌కి రెండేళ్ళ పని అని ఒక మాట వచ్చింది. బేసిక్ 1,500 రియాళ్ళు, తిండికి 300. రూము, సైటుకి బస్సు కంపెనీవే. రోజుకి 8 గంటలు, ఓటీ ఉంటాదని నోటిమాట. తిరుపతిలో ఉండే ఏజెంటు మొత్తం 1,20,000 అడుగుతున్నాడు. అంత దుడ్డు చేతిలో లేదు, ఊళ్ళో మూడు రూపాయల వడ్డీకి తేవాల. అమ్మ వద్దంటాది, నాయన పొమ్మంటాడు. తెలిసినోళ్ళు లాభనష్టాలు లెక్కతో చెప్తే ఇంట్లో కూర్చుని మాట్లాడుకుంటాము.

కొర్లగుంట_లెక్కలు
అంకెలు వేద్దాం. రియాలుకి 23 రూపాయలు వేసుకుంటున్నా. రియాలుని డాలరుకి 3.75 దగ్గర కట్టేసి పెట్టారు కాబట్టి డాలరుతో పాటే ఇదీ పైకీ కిందకీ పోతుంది.

అక్కడ వచ్చేది 1,800. నలుగురు కలిసి వండుకుంటే తిండికి 400 లోపు, ఫోనుకి 75, సబ్బు, క్షవరం, చిల్లర 125. మొత్తం 600 తీసేస్తే మిగిలేది 1,200 రియాళ్ళు, అంటే 27,600 రూపాయలు. 24 నెలలకి 6,62,400.

ఇందులోంచి పోయేవి: ఏజెంటు 1,20,000. మెడికల్, స్కిల్ టెస్టు, చెన్నై తిరుగుళ్ళు, బూట్లు బట్టలు కలిపి 20,000 అనుకోండి. తర్వాత వడ్డీ. దిగిన వెంటనే డబ్బు రాదు. అకామా (అక్కడ ఉండేదానికి ఇచ్చే నివాస కార్డు) చేతికి రావాలి, దాంతో బ్యాంకు ఖాతా తెరవాలి, కాబట్టి ఇంటికి మొదటి డబ్బు చేరేది మూడో నెలలోనే. ఆ రెండు నెలల వడ్డీ 7,200 అసలుకి కలుస్తుంది. మూడో నెల నుంచి నెలకి 20,000 కట్టుకుంటూ పోతే అప్పు పదో నెలకి తీరుతుంది. వడ్డీ కిందే 23,000 పైన పోతుంది. అన్నీ పోను రెండేళ్ళకి మిగిలేది దగ్గర దగ్గర 5 లక్షలు.

ఇక్కడ: 18,000లో తన ఖర్చు 6,000 పోతే 12,000. 24 నెలలకి 2,88,000. పీఎఫ్‌లో తనది 1,500, కంపెనీది 1,500 పడుతుందనుకుంటే ఇంకో 72,000. మొత్తం 3,60,000.

తేడా 1,40,000. నెలకి 5,800. ఇల్లు వదిలి, ఎండలో రెండేళ్ళు చేసినందుకు ఆ 1,20,000తో పోతే వచ్చే అదనం అంతే.

ఇప్పుడు ఏజెంటు ఫీజు ఒక్కటీ మార్చి చూడండి. చట్టం ఒప్పుకునే గరిష్ఠ ఫీజు 30,000, దాని మీద 18 శాతం జీఎస్‌టీ, మొత్తం 35,400. అది బంగారం తాకట్టు మీద బ్యాంకులో ముప్పావలా వడ్డీకి తెస్తే, మిగిలేది 6 లక్షల పైన. తేడా నెలకి 10,200. అదే జీతం, అదే ఊరు, అదే పని. జీతం ఎంతనేది కాదు, ఎంత అప్పుతో, ఏ వడ్డీతో విమానం ఎక్కుతున్నాడనేదే ఈ ప్రశ్నకి జవాబు.

రేణిగుంట_జంక్షన్
లెక్క బాగుంది అన్నా, కానీ మూడు వదిలేశారు.

ఒకటి ఓటీ. సౌదీ చట్టంలో ఓటీ గంటకి మామూలు గంట జీతం, పైన బేసిక్‌లో సగం. బేసిక్ మీదే కట్టినా 1,500ని 30తో, మళ్ళీ 8తో భాగిస్తే గంటకి 6.25, ఒకటిన్నర రెట్లు అంటే 9 రియాళ్ళ పైన. రోజుకి 2 గంటలు, 26 రోజులు దొరికితే నెలకి 487 రియాళ్ళు, దాదాపు 11,200 రూపాయలు. అయితే దీన్ని నమ్ముకుని అప్పు చేయకూడదు. ప్రాజెక్టు ఊపులో ఉన్నప్పుడు ఓటీ వద్దన్నా చేయిస్తారు, చివరికొచ్చేసరికి సున్నా. కాంట్రాక్టులో ఓటీ రేటు రాసుంటే సరే, గంటలు ఎవరూ రాసివ్వరు.

రెండు, లీవు జీతం. ఏడాదికి 21 రోజులు జీతంతో సెలవు చట్టం ఇచ్చే హక్కు. రెండేళ్ళు కదలకుండా చేస్తే 42 రోజులు, అంటే 2,520 రియాళ్ళు.

మూడు, సర్వీసు డబ్బు. మొదటి అయిదేళ్ళకి ఏడాదికి సగం నెల జీతం. రెండేళ్ళ కాంట్రాక్టు గడువు పూర్తయి వస్తే ఒక నెల జీతం, 1,800. రెండూ కలిపితే 4,320 రియాళ్ళు, 99,000 రూపాయల పైన. రెండేళ్ళు నిండకుండా తనే రాజీనామా ఇస్తే సర్వీసు డబ్బు ఏమీ రాదు. రెండు దాటి అయిదేళ్ళ లోపు రాజీనామా అయితే మూడో వంతే. చాలామంది ఇరవై రెండో నెలలో ఇంటి మీద మనసు పోయి వచ్చేస్తారు. అక్కడ పోయేది ఇదే.

పీలేరు_బస్టాండు
ఏజెంటు గురించి నేను చెప్తా. ఇది సక్రమంగా లేకపోతే పైన వేసిన లెక్కలన్నీ నీళ్ళపాలు.

విదేశీ పనికి మనుషుల్ని పంపేదానికి 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద కేంద్రం లైసెన్సు ఉండాల. కేంద్రం నడిపే ఈ-మైగ్రేట్ సైటులో లైసెన్సున్న ఏజెంట్ల జాబితా ఉండాది, లైసెన్సు లేనోళ్ళ జాబితా కూడా పెట్టినారు. ఏజెంటు దగ్గర లైసెన్సు నంబరు అడగండి. ఆ నంబరు వేస్తే పేరు, చిరునామా, లైసెన్సు నడుస్తా ఉండాదా, సస్పెండు అయిందా తెలుస్తాది. మన పక్క చేసే మోసం ఏమంటే, లైసెన్సు ఇంకో ఊర్లో ఎవరిదో ఉంటాది. ఇక్కడుండేవాడు "మేము వాళ్ళ మనుషులమే" అంటాడు. సబ్ ఏజెంటు అనేదానికి చట్టంలో చోటు లేదు. లైసెన్సుదారు ఆఫీసుకి నేరుగా ఫోను చేసి, ఈ కంపెనీకి, ఈ పనికి మీ దగ్గర డిమాండ్ లెటరు (మనుషులు కావాలని కంపెనీ ఇచ్చే కాగితం) ఉండాదా అని అడగండి.

డబ్బు ఇచ్చేది లైసెన్సుదారు ఖాతాకే, బ్యాంకు ద్వారానే. రశీదు తీసుకోండి. 30,000, దాని జీఎస్‌టీ పోను పైన ఒక్క రూపాయి అడిగినా అది ఫీజు కాదు, నడుమ చేతులు మారే దుడ్డు. "వీసా కొన్నాము" అంటారు. సౌదీ చట్టం ప్రకారం తెచ్చుకునే ఖర్చు, అకామా ఫీజు, వర్క్ పర్మిట్ ఫీజు, గడువు అయినాక తిరుగు టికెట్టు యజమానివే. యజమాని కట్టినదాన్నే మీ దగ్గర మళ్ళీ వసూలు చేస్తున్నారన్న మాట.

ఒరిజినల్ పాస్‌పోర్టు ముందే ఇచ్చేయొద్దు. కాపీ చాలు. వీసా స్టాంపింగుకి పోయేటప్పుడు ఇవ్వండి, ఇచ్చినట్టు కాగితం రాయించుకోండి.

పుత్తూరు_వేపచెట్టు
పీలేరన్నా, చాలా మేలు. తమ్ముడు పది పాసయినాడు, పాస్‌పోర్టులో ఈసీఆర్ (ఎమిగ్రేషన్ క్లియరెన్సు తీసుకునే పోవాలనే) ముద్ర లేదు. అట్లయితే ఈ-మైగ్రేట్‌తో పని లేదని ఏజెంటు అంటున్నాడు. నిజమా?

పీలేరు_బస్టాండు
సగం నిజం. పది పాసయినోళ్ళకి ఎమిగ్రేషన్ క్లియరెన్సు అక్కర్లేదు. ఈసీఆర్ వాళ్ళకయితే కాంట్రాక్టు, జీతం, బీమా అన్నీ ఆ సైటులో ఎక్కి, ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే కేంద్ర అధికారి చూసినాకనే మనిషి కదులుతాడు. మీ తమ్ముడికి ఆ వడపోత లేదు. ఏజెంటు ఏమి రాసినా చూసేవాళ్ళు లేరన్న మాట. అందుకే మీరే రెండింతలు చూసుకోవాల. క్లియరెన్సు అక్కర్లేనోళ్ళు కూడా ఇష్టపూర్వకంగా సైటులో వివరాలు నమోదు చేసుకోవచ్చు, చేసుకోమనండి. క్లియరెన్సు లేకపోయినా ఏజెంటుకి లైసెన్సు ఉండాల్సిందే, ఆ నియమం మారదు.

అలిపిరి_పాదాలు
డబ్బు కట్టకముందు చేయాల్సిన పని ఇంకోటి ఉంది: ఛాతీ ఎక్స్‌రే.

గల్ఫ్ మెడికల్ ఇప్పుడు వాఫిద్ అనే ఆన్‌లైన్ పద్ధతిలో జరుగుతుంది. పాతవాళ్ళు గామ్కా అనేవాళ్ళు. అందులో హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, టీబీ, ఇంకా మామూలు రక్త, మూత్ర పరీక్షలుంటాయి. ఎక్కువమంది పడిపోయేది టీబీ దగ్గర. ఎప్పుడో చిన్నప్పుడు వచ్చి మానిపోయిన టీబీ కూడా ఊపిరితిత్తి మీద మచ్చ వదులుతుంది. మనిషి ఆరోగ్యంగానే ఉంటాడు, ఇప్పుడు జబ్బు లేదని ఇక్కడి డాక్టరు సర్టిఫికెట్ ఇస్తాడు. అయినా ఆ మచ్చ కనబడితే అన్‌ఫిట్. ఒకచోట అన్‌ఫిట్ పడితే ఆన్‌లైన్లో ఎక్కిపోతుంది, ఇంకో సెంటరుకి పోయి మార్చుకునే వీలుండదు. ఇక్కడ దాటినా అక్కడ దిగాక మళ్ళీ మెడికల్ ఉంటుంది. అందులో పోతే అకామా రాదు, వెనక్కి పంపేస్తారు. అప్పటికి ఫీజు, వడ్డీ అన్నీ నెత్తిన పడి ఉంటాయి.

కాబట్టి ముందు తిరుపతిలోనే సొంతంగా ఒక ఎక్స్‌రే, హెపటైటిస్ బి, సి పరీక్షలు చేయించండి. కొన్ని వందల రూపాయలతో 1,20,000 ప్రమాదం తెలుస్తుంది. బీపీ, షుగరు కూడా చూపించండి. వాఫిద్ రిపోర్టుకి గడువు తక్కువ, వీసా ఖాయమయ్యాకే చేయించుకోవాలి. ఏజెంటు ముందే మెడికల్‌కి తోస్తే ఆ గడువు దాటి మళ్ళీ కట్టాల్సి వస్తుంది.

చంద్రగిరి_కోటగోడ
వీసా కాగితం గురించి ఎవరూ అనలేదు.

సౌదీ వీసా మీద వృత్తి రాసి ఉంటుంది. అరబ్బీలో "కహ్రబాయి" అని ఉండాలి, ఎలక్ట్రీషియన్ అంటే అదే. "ఆమిల్" అని మొదలయ్యే మాట ఉంటే అది కూలీ వీసా. కాంట్రాక్టులో ఎలక్ట్రీషియన్ అనీ, వీసాలో ఆమిల్ అనీ పెట్టి పంపేది మామూలుగా జరిగే మోసం. ఎందుకు చేస్తారంటే, సౌదీ ఎలక్ట్రీషియన్, ప్లంబరు, వెల్డరు, ఏసీ మెకానిక్ లాంటి పనులకి ఇండియాలోనే స్కిల్ వెరిఫికేషన్ పరీక్ష పెట్టింది. థియరీ, ప్రాక్టికల్ రెండూ ఉంటాయి. పాసయితేనే ఆ వృత్తి వీసా స్టాంపు. కూలీ వీసా అయితే ఎలక్ట్రీషియన్ పరీక్ష తలనొప్పి లేదు, ఏజెంటుకి పని త్వరగా అవుతుంది. అక్కడికి పోయాక అకామా మీద కూలీ అనే పడుతుంది. జీతం గొడవ వస్తే "అకామా చూడండి, ఇతను కూలీ" అంటారు.

కాంట్రాక్టు దిగిన తర్వాత ఖివా అనే ప్రభుత్వ వేదికలో ఎక్కుతుంది. కార్మికుడు తన ఫోనులో చూసి ఒప్పుకోవాలి. అక్కడ బేసిక్ 1,500 బదులు 1,000 కనబడితే ఒప్పుకోవద్దు. సూపర్‌వైజరు ఫోను తీసుకుని తనే నొక్కేస్తే ఊరుకోవద్దు. ఇక్కడ సంతకం పెట్టిన కాంట్రాక్టు ఫోటో ఫోనులోనూ, ఇంట్లోనూ ఉంచుకోవాలి.

కాంట్రాక్టులో చూడాల్సిన ఇంకో మాట ప్రొబేషను, అంటే మొదట్లో పని చూసేదానికి పెట్టే గడువు. ఆ గడువులో కంపెనీ వద్దంటే పంపేయొచ్చు. తనకి తానుగా వచ్చేస్తే టికెట్టు తనే పెట్టుకోవాలి. తిండి డబ్బు 300 నగదుగానా, మెస్సులో కోసుకుంటారా అనేది కూడా అడగండి. మెస్సయితే కొర్లగుంట వారు వేసిన 400 తగ్గుతుంది కానీ చేతికి వచ్చేది 1,500 మాత్రమే.

పుత్తూరు_వేపచెట్టు
చంద్రగిరి గారూ, ఇవాళే వీసా కాపీ తెప్పిస్తా.

కలికిరి_మామిడితోట
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. మా పక్కింటామె కువైటుకి ఇంటి పనికి పోవాలనుకుంటాంది. ఆమెకి 28, చదువు అయిదు వరకే. ముందు దుబాయికి విజిట్ వీసా మీద పోయి అక్కడి నుంచి మారుస్తామని ఒకామె చెప్తాంది. ఫీజు కూడా అడగలేదంట. సరేనా?

పీలేరు_బస్టాండు
అమ్మా, వద్దని గట్టిగా చెప్పండి. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద ఆడవాళ్ళు గల్ఫుకి ఇంటి పనికి పోవాలంటే 30 ఏళ్ళు నిండాల. ప్రైవేటు ఏజెంట్లకి ఆ అనుమతి లేదు, ప్రభుత్వ సంస్థల ద్వారానే పోవాల. మన రాష్ట్రంలో ఆ పని చేసేది ఓంక్యాప్. ఆమెకి 28 కాబట్టి సరైన దారిలో కుదరదు, అందుకే విజిట్ వీసా దారి చూపిస్తాండారు. ఫీజు లేదంటే అక్కడి ఇంటాయన దగ్గర ఆమె పేరు చెప్పి దుడ్డు తీసుకుంటారని అర్థం. రేపు తిరిగొస్తానంటే "నీకు ఇంత పోసినాను, కట్టి పో" అంటారు.

స్వర్ణముఖి_ఒడ్డు
కువైటు ఇంటి పని గురించి ఇంకొంచెం, ఇది చదివే మిగతా ఆడవాళ్ళ కోసం. కువైటులో ఇంటి పనివాళ్ళది 20 నంబరు వీసా, కంపెనీలది 18 నంబరు. 20 మీద పోయినవాళ్ళకి కంపెనీ కార్మికుల చట్టం వర్తించదు, వాళ్ళకి 2015లో వచ్చిన 68వ చట్టం ఉంది. దాని ప్రకారం పని రోజుకి 12 గంటలు మించకూడదు, వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి జీతంతో సెలవు, వదిలి వచ్చేటప్పుడు ఏడాదికి ఒక నెల జీతం ఇవ్వాలి. 2016 నుంచి కనీస జీతం 60 దినార్లు. పాస్‌పోర్టు యజమాని పెట్టుకోకూడదు. కానీ నాలుగు గోడల మధ్య ఈ చట్టం నడిపించేది యజమానే. అందుకని మొదటి వారంలోనే బతాకా (కువైటు గుర్తింపు కార్డు) ఫోటో, ఇంటి చిరునామా, కఫీలు (వీసా ఇచ్చిన యజమాని) ఫోను నంబరు ఇంటికి పంపి ఉంచాలి. ఈ మూడూ లేకపోతే రేపు కష్టమొచ్చినప్పుడు ఎంబసీకి కూడా ఆమెని వెతకడం చాలా కష్టమవుతుంది.

"ఆజాద్ వీసా" అని కూడా అమ్ముతారు. పేరుకి ఒక కఫీలు, పని ఇంకెక్కడో. చట్టంలో అట్లాంటి వీసా లేదు. పేరుకి ఉన్న కఫీలు అకామా రెన్యూవల్‌కి ఏటా డబ్బు గుంజుతాడు, ఇవ్వకపోతే పారిపోయారని కేసు పెడతాడు. ఆ తర్వాత ఖల్లివల్లిగా, అంటే సరైన కాగితాలు లేకుండా దొంగచాటుగా బతకాల్సిందే. ఆసుపత్రికి పోవాలన్నా, ఇంటికి రావాలన్నా భయం. క్షమాభిక్ష వచ్చిందాకా ఆగాలి. కువైటు 2018లో ఇచ్చింది, 2020లో ఇచ్చింది, మళ్ళీ 2024లో ఇచ్చింది. మధ్యలో ఎన్నేళ్ళు ఉన్నాయో చూడండి.

బాలాజీకాలనీ_ఆడిటు
వేపచెట్టు గారికి, ఇక్కడ వదిలి వెళ్ళే వాటి గురించి.

పీఎఫ్ తీసేయనివ్వొద్దు. ఏజెంటుకి కట్టడానికి ముందు చేయి పడేది దాని మీదే. పెన్షను వాటాకి మొత్తం సర్వీసు 10 ఏళ్ళు నిండితేనే 58 ఏళ్ళకి నెలనెలా పెన్షను వస్తుంది. ఇప్పుడు పెన్షను డబ్బు తీసేస్తే చేసిన ఏళ్ళు పోతాయి. ఫారం 10సీ మీద డబ్బు బదులు స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుంటే, తిరిగొచ్చి చేరాక ఆ ఏళ్ళు కలుస్తాయి. యూఏఎన్ (పీఎఫ్ ఖాతా నంబరు) అదే ఉంచుకుని, ఆధార్ నంబరు, బ్యాంకు వివరాలు పోకముందే సరిచేసుకోవాలి. అక్కడి నుంచి ఓటీపీల కోసం పడే పాట్లు చాలా ఉంటాయి. ఆధార్‌కి, బ్యాంకుకి కట్టిన సిమ్ ఇంట్లో నడుస్తూ ఉండాలి, లేదా అంతర్జాతీయ రోమింగులో ఉంచాలి.

ఈఎస్‌ఐ పోతుంది. జీతం 21,000 లోపు ఉన్నంత కాలం తనకే కాదు, తన మీద ఆధారపడిన అమ్మానాన్నలకి కూడా వైద్యం ఉచితంగా దొరికేది. తమ్ముడు ఉద్యోగం మానితే అది ఆగిపోతుంది. వాళ్ళకి బీపీ, షుగరు మందులు ఈఎస్‌ఐలో తెచ్చుకుంటుంటే నెలకి ఆ ఖర్చు పైన వేసిన లెక్కలో కలపండి. కొర్లగుంట గారి లెక్కలో ఇది లేదు.

బ్యాంకు: విదేశీ ఉద్యోగానికి పోయాక మామూలు సేవింగ్స్ ఖాతా అట్లే వాడకూడదు, ఎన్‌ఆర్‌ఓగా (ఎన్‌ఆర్‌ఐలు ఇక్కడి ఆదాయానికి వాడే ఖాతాగా) మార్పించాలి. సంపాదన పంపేదానికి ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరవాలి. దాని వడ్డీకి ఇక్కడ పన్ను లేదు. అమ్మనో నాన్ననో జాయింటుగా పెట్టొచ్చు, "ఫార్మర్ ఆర్ సర్వైవర్" అని, అంటే మొదటి ఖాతాదారు ఉన్నంత కాలం ఖాతా అతనిదే, తర్వాత రెండో వాళ్ళది. రోజువారీ వాళ్ళు డబ్బు తీసుకునేదానికి మాండేటు (అనుమతి పత్రం) రాయించాలి. ఎల్‌ఐసీ ప్రీమియం పాత ఖాతా నుంచి ఆటోగా పోతుంటే, ఖాతా మారినాక ఆ ఆటో చెల్లింపు పోయి పాలసీ ల్యాప్స్ కావచ్చు. మళ్ళీ పెట్టించండి.

ఆదాయపు పన్ను: ఉద్యోగానికి బయటికి పోయే ఏడాది, ఇక్కడ ఏప్రిల్ నుంచి మార్చి లోపల 182 రోజుల కన్నా తక్కువ ఉంటే ఎన్‌ఆర్‌ఐ. అప్పుడు సౌదీ జీతానికి ఇక్కడ పన్ను లేదు. సెప్టెంబరు చివరికి ముందు పోతే ఆ ఏడాదే వస్తుంది. ఈ జీతానికి పెద్ద తేడా పడదు, అయినా తెలిసి ఉండాలి.

పొలం, ఇల్లు వ్యవహారాలు ఉంటే జీపీఏ (తన బదులు సంతకం పెట్టే అధికార పత్రం) ఇక్కడే సబ్‌రిజిస్ట్రారు దగ్గర రిజిస్టరు చేయించి పోవాలి. అక్కడి నుంచి చేయాలంటే ఎంబసీకి పోయి రావాలి, ఒక రోజు జీతం, పైన బస్సు ఖర్చు.

నగరి_నేతవీధి
బీమా గురించి ఒక మాట. ఈసీఆర్ వాళ్ళకి తప్పనిసరిగా ఉండే ప్రవాసీ భారతీయ బీమా యోజన 10 లక్షలు ఇస్తుంది. ప్రీమియం రెండేళ్ళకి 275, మూడేళ్ళకి 375, పన్ను అదనం. అయితే అది ప్రమాదంలో పోతేనో, శాశ్వతంగా అంగవైకల్యం వస్తేనో. గుండెపోటుతో పోతే ఆ 10 లక్షలు రావు. అందుకని మామూలు టర్మ్ పాలసీ ఒకటి ఇక్కడ ఉన్నప్పుడే, విదేశీ పనికి పోతున్నట్టు ఫారంలో రాసి తీసుకోవాలి. దాచిపెడితే రేపు క్లెయిము దగ్గర అడ్డం పడుతుంది. ఆంధ్రా వాళ్ళకి ఏపీఎన్‌ఆర్‌టీఎస్ అనే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఇచ్చే ప్రవాసాంధ్ర భరోసా బీమా కూడా ఉంది, అదీ తీసుకోమనండి.

ఎండ గురించి. సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు పగలు 12 నుంచి 3 దాకా ఆరుబయట పని నిషేధం. దమ్మామ్ సముద్రం పక్కన ఉంటుంది, వేడికి ఉక్క తోడు. చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. ఎలక్ట్రీషియన్ పని అంటే కేబుల్ ట్రేలు, పైకప్పు మీద కండ్యూట్లు, గాలి రాని షాఫ్టులు. నీడలో ఉన్నా వేడి తగ్గదు. ఒకేసారి లీటరు తాగేది కాదు, పావుగంటకీ ఇరవై నిమిషాలకీ ఒక గ్లాసు తాగుతుండాలి. మూత్రం ముదురు పసుపుగా వస్తుంటే నీళ్ళు చాలలేదని. ఏళ్ళ తరబడి ఇట్లా ఎండిపోతే దెబ్బ తగిలేది కిడ్నీలకి.

తిలక్‌రోడ్డు_పాఠకుడు
అందరూ డబ్బు కోణమే చూస్తున్నారు. ఐటీఐ చదివిన 26 ఏళ్ళ వాడికి రెండేళ్ళలో ఏమి నేర్పు వస్తుందనేది కూడా లెక్కే. దమ్మామ్, ధహ్రాన్, జుబైల్ చుట్టూ ఆరామ్‌కో, పెట్రోకెమికల్ పనులు. మంచి కంపెనీ అయితే ప్యానెల్ టెర్మినేషను, పెద్ద కేబుళ్ళ గ్లాండింగు, మెగ్గరు టెస్టు (ఇన్సులేషను పరీక్ష), లాకవుట్ ట్యాగవుట్ (కరెంటు ఆపి తాళం వేసి పని చేసేది), పర్మిటు పద్ధతి చేతికి అలవాటవుతాయి. తిరిగొచ్చాక శ్రీసిటీలో మెయింటెనెన్సుకి ఆ మనిషి విలువ వేరు. అదే లేబరు సప్లై కంపెనీ అయితే రెండేళ్ళూ పైపులు మోసి, స్విచ్చుబోర్డులు బిగించి వస్తాడు. కాబట్టి అడగాల్సింది: కంపెనీ పేరు ఏమి, అది ప్రాజెక్టు చేసే కంపెనీయా, మనుషుల్ని అద్దెకిచ్చే కంపెనీయా? వచ్చేటప్పుడు ఎక్స్‌పీరియన్సు లెటరులో వృత్తి, తేదీలు, చేసిన పని రాయించుకుని రావాలి. తర్వాత అడిగితే జవాబిచ్చే వాళ్ళుండరు.

రేణిగుంట_జంక్షన్
తిలక్‌రోడ్డు గారితో ఏకీభవిస్తాను. పైగా సౌదీలో 2021 మార్చి నుంచి, మొదటి యజమాని దగ్గర ఏడాది నిండితే 90 రోజుల నోటీసుతో ఇంకో కంపెనీకి మారొచ్చు. నేర్పు, పరీక్ష పాసయిన సర్టిఫికెట్, సరైన వృత్తి అకామా ఉంటే రెండో ఏడాది జీతం మాట్లాడుకునే దారి ఉంటుంది. కూలీ అకామాతో ఆ దారి మూసుకున్నట్టే.

గాజులమండ్యం_నాని
జపాన్ చూడొచ్చు కదా బ్రో? అక్కడ స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ అని అయిదేళ్ళ వీసా ఉంది.

తిలక్‌రోడ్డు_పాఠకుడు
ఉంది, 2019లో మొదలైంది, ఇండియాతో ఒప్పందం 2021లో అయింది. కాకపోతే ఎన్4 స్థాయి జపనీసు, ఆ రంగం పరీక్ష, రెండూ పాసవాలి. భాషకే నెలల తరబడి కూర్చోవాలి, ఆ కాలం జీతం ఉండదు. కుటుంబాన్ని తీసుకుపోయే వీలు మొదటి వీసాలో లేదు. జీతం గల్ఫు కన్నా ఎక్కువ, పన్ను, అద్దె కూడా ఎక్కువ. ఓపిక ఉన్నవాళ్ళకి మంచిదే, ఈ ప్రశ్నకి మాత్రం వేరే దారి.

పుత్తూరు_వేపచెట్టు
రెండు రోజుల్లో తేలిన సంగతులు చెప్తా. లైసెన్సు నంబరు సైటులో ఉండాది, నడుస్తా ఉండాది, కానీ ఆఫీసు చెన్నైది. అక్కడికి ఫోను చేస్తే డిమాండ్ లెటరు ఉందన్నారు, ఫీజు 35,400 అనే చెప్పినారు. తిరుపతి మనిషి పేరు చెప్తే మాట తప్పించినారు. వీసా కాపీలో వృత్తి గడిలో "ఆమిల్" అనే ఉండాది. అడిగితే, పోయినాక మార్చుకోవచ్చులే అంటున్నాడు. ఎక్స్‌రే క్లియర్. ఇప్పుడేమి చేయాల?

చంద్రగిరి_కోటగోడ
పోయాక మార్చడం కంపెనీ చేతిలో ఉంటుంది, దానికి పరీక్ష కూడా పాసవాలి. కంపెనీకి ఆ అవసరం ఏముంది, కూలీ వీసాతోనే ఎలక్ట్రీషియన్ పని జరుగుతుంటే? ఆ వీసా మీద కదలొద్దు. చెన్నై ఆఫీసుకి నేరుగా పోయి, కహ్రబాయి వృత్తితో వేరే వీసా కేటాయించమని అడగండి. తమ్ముడు స్కిల్ టెస్టు రాస్తాడని చెప్పండి. ఐటీఐ సర్టిఫికెట్, అనుభవం కాగితాలు తీసుకుపోండి. సౌదీ 2022లో అపోస్టిల్ ఒప్పందంలో చేరింది, కాబట్టి సర్టిఫికెట్లకి విదేశాంగ శాఖ అపోస్టిల్ (కాగితం అసలైనదేనని వేసే ముద్ర) చాలు. ఎంబసీ అటెస్టేషను పేరుతో డబ్బు అడిగితే ఇవ్వొద్దు.

కొర్లగుంట_లెక్కలు
వాళ్ళు వీసా మార్చి, 35,400తోనే పంపితే నా రెండో లెక్క వర్తిస్తుంది, నెలకి 10,200 తేడా. రేణిగుంట గారు చెప్పిన 99,000 కలిపితే నెలకి ఇంకో 4,100. అందులోంచి ఈఎస్‌ఐ బదులు అమ్మానాన్నల మందుల ఖర్చు తీసేయండి. అప్పుడు పొమ్మంటాను. మార్చకపోతే శ్రీసిటీనే మేలు, మూడు రూపాయల వడ్డీ అప్పు అసలు వద్దు.

పుత్తూరు_వేపచెట్టు
సోమవారం పొద్దున బస్సుకి తమ్ముడు, నేను చెన్నైకి పోతున్నాము. అక్కడ వాళ్ళు ఏమంటారో ఇక్కడే రాస్తాను. అమ్మ ఇప్పుడే అడుగుతాంది, పోయేట్టయితే ఊరగాయ, మసాలా పొడులు పంపొచ్చునా అని.

అలిపిరి_పాదాలు
ఊరగాయ పంపొచ్చు, నూనె కారకుండా రెండు కవర్లు వేసి చెక్-ఇన్ పెట్టెలో. మసాలా పొడుల్లో గసగసాలు లేకుండా అమ్మని వేరుగా కొట్టమనండి. గల్ఫులో గసగసాలని మత్తుమందు కిందే లెక్కేస్తారు, చారెడు దొరికినా జైలు. కుర్మా పొడి, గరం మసాలా ఇంట్లో ముందే కొట్టి పెట్టింది ఉంటే అది అస్సలు వద్దు. మందులు తీసుకుపోతే డాక్టరు చీటీ, బిల్లు ఉండాలి. ట్రమడాల్ నొప్పి మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందు చీటీ ఉన్నా పెట్టొద్దు. విమానాశ్రయంలో "మా వాళ్ళకి ఇచ్చేయ్ తమ్ముడూ" అని ఎవరైనా పొట్లం ఇస్తే, మన ఊరి మనిషైనా సరే తీసుకోవద్దని చెప్పండి. ప్రవాసీ భారతీయ సహాయత కేంద్రం నంబరు 1800 11 3090, ఇక్కడ ఇంట్లో గోడ మీద రాసి పెట్టుకోండి. ఏజెంటు మీద ఫిర్యాదైనా, అక్కడ ఏదైనా ఇబ్బందైనా ముందు ఫోను చేయాల్సింది అక్కడికే.